సరంగుల వీధికి రాసిన మాట

జ్ఞానదాసు కష్టపడి గెలిచిన మొదటి గెలుపు ఒక్క మాట. 1972లో, విశాఖపట్నం పాతవూళ్లో, సరంగుల వీధిలోని పధ్నాలుగు ఇళ్లకీ ఇంటిపన్ను రిజిస్టర్లో 'శిథిలం' అని పడేట్టు చేశాడు. అందుకు నాలుగు నెలలు తిరిగాడు, రెండు జతల చెప్పులు అరగదీశాడు, పైనున్న ఇనస్పెక్టరు చేత మూడుసార్లు చివాట్లు తిన్నాడు. చివరికి గెలిచాడు.

అది గెలుపెలా అయిందో తెలియాలంటే ముందు ఆ వీధి సంగతి తెలియాలి. ఓడల మీదా పడవల మీదా కళాసీలను నడిపించే పెద్దని సరంగు అంటారు. ఆ వీధి కట్టినవాళ్లంతా సరంగులే. బర్మాలోని రంగం వెళ్లి సంపాదించిన డబ్బుతో, రంగం నుంచి ఓడలో వేసుకొచ్చిన టేకు దూలాలతో, ఒకరిని చూసి ఒకరు కట్టుకున్నారు. వీధి వైపు అరుగులు, అరుగుల మీద కమానుల వసారాలు, లోపల మండువా, పైన మిద్దె. తరవాత పెద్ద రేవు కట్టారు. ఓడలు గట్టుకే వచ్చి ఆగడం మొదలయ్యాక సరుకు చేరేసే పడవలతో పని లేకపోయింది. సరంగుల మనవలు చేపల రేవులో కూలికి చేరారు. ఇళ్లు పెద్దవి, పొయ్యి మీద గిన్నెలు చిన్నవి. పన్ను ఇంటిని చూసి వేస్తారు గాని గిన్నెను చూసి వెయ్యరు కదా.

జ్ఞానదాసు మునిసిపాలిటీ ఇంటిపన్ను ఆఫీసులో రైటరు. ఇల్లిల్లూ తిరిగి చూసి, ఇంటికొక వరస చొప్పున రిజిస్టర్లో ఎక్కించడం అతని పని. 'ఇంటి స్థితి' అనే గడిలో మూడు మాటల్లో ఏదో ఒకటి రాయాలి. మంచిది, మధ్యరకం, శిథిలం. నిన్న కట్టిన మేడైనా, వందేళ్ల మిద్దైనా ఈ మూడింట్లోనే ఒదగాలి. మంచిది అంటే నిండు పన్ను. శిథిలం అంటే పన్ను సగానికి సగం పోతుంది.

జ్ఞానదాసు శిథిలం అని రాసి పంపితే ఇనస్పెక్టరు కొట్టేసి మంచిది అని రాశాడు. మళ్లీ రాశాడు, మళ్లీ కొట్టేశాడు. ఆ శ్రావణంలో ముసురు పట్టినప్పుడు జ్ఞానదాసు ఆయన్ని గొడుగేసి స్వయంగా తీసుకెళ్లాడు. ముందు వైపు నుంచి వెళితే టేకు తలుపులు కనబడతాయి కాబట్టి వెనక సందులోంచి తీసుకెళ్లాడు. కూలిన పశువుల పాకలు చూపించాడు, నాచు పట్టిన పెరటి గోడలు చూపించాడు. వీధిలో పెద్దావిడ గంగాలమ్మ ఇంట్లో నీరు కారే చోటు ఒక్కటే. ఆవిడ అయిదు చోట్ల గిన్నెలు పెట్టి, మధ్యలో కొంగు కప్పుకుని కూచుంది. ఇనస్పెక్టరు తడిసిన పంచె పిండుకుంటూ, సరేనయ్యా, నీ మాటే రాసుకో పొమ్మన్నాడు.

ఆ సాయంత్రం ఈ ముచ్చట భార్య దీవెనమ్మతో చెబితే ఆవిడ, అబద్ధం కదా అంది. మాట అబద్ధమే గాని పేదరికం నిజం అన్నాడు జ్ఞానదాసు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఆకులో చుట్టిన వంజరం ముక్కలున్నాయి. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. అది మొదలు పదమూడేళ్లపాటు ఏ ఆదివారమూ అతనింట్లో చేప లేని కూడు లేదు. గంగాలమ్మ తన ఇంటి వీధిగది ఖాళీ చేసి, అద్దె సంగతి తరవాత చూసుకుందాం, ముందు మొగుడూ పెళ్లాం వచ్చి ఉండండని పట్టుకొచ్చింది. చేపల రేవులో వేలం పాటలు పాడే గవర్రాజు, వేరే కులం వేరే మతం అని చూడకుండా, బావా అని పిలవడం మొదలుపెట్టాడు. సొంత ఊళ్లో కూడా జ్ఞానదాసుకి అంత మర్యాద జరగలేదు.

సొంత ఊరు పద్మనాభం దగ్గర పల్లె. మిషను బడిలో ఎనిమిదో తరగతి. ఆ ఏడాది పరీక్షకు పదకొండుమంది కూచుంటే గట్టెక్కింది తనొక్కడే. పట్నానికి కాలినడకన వచ్చి ఆఫీసులో బంట్రోతుగా చేరినవాడు, ఏడేళ్లలో కుర్చీ ఎక్కాడు. అతని దస్తూరి చూసి, పెద్దలకిచ్చే సన్మాన పత్రాలన్నీ అతని చేతే రాయించేవారు. ఎమర్జెన్సీ వచ్చిన ఏడాది పాతవూరి తలుపులకు కొత్త నంబర్లు వేసే పని అప్పగిస్తే, ఆరువేల మూడువందల పన్నెండు తలుపులకు వేశాడు. ఒక నంబరు రెండు తలుపులకు పడలేదు, ఒక తలుపు నంబరు లేకుండా మిగల్లేదు. ఇప్పటికీ ఆ ఆఫీసులో ఈ సంగతి చెప్పుకుంటారు. 1983లో రిటైరైన రోజు ఒకే పూలదండను దిగిపోతున్న ముగ్గురికీ మార్చి మార్చి వేశారు గాని, నాలుగు మాటలు మాట్లాడమని మాత్రం ఇతన్నే అడిగారు.

అప్పటికి దీవెనమ్మ పోయి నాలుగేళ్లు. పిల్లల్లేరు. పొద్దున్న గంగాలమ్మ ఇచ్చే టీ, సాయంత్రం అరుగు మీద గవర్రాజుతో కబుర్లు. ఆ రెంటి మధ్యా రోజు ఎలాగో వెళ్లిపోయేది.

1985 ఆగస్టులో నోటీసులు వచ్చాయి.

ఉక్కు ఫ్యాక్టరీ సామాన్లు మోసే లారీలు పాతవూరి సందుల్లో తిరగలేకపోతున్నాయనీ, రేవు దాకా రోడ్డు వెడల్పు చేయాలనీ, అందుకు సరంగుల వీధిలోని పధ్నాలుగు శిథిల గృహాలను తొలగిస్తున్నామనీ వాటి సారం. జాగాకు పరిహారం ఇస్తారు. పైన ఉన్న ఇంటికి ఇవ్వరు. రిజిస్టరు ప్రకారం పదమూడేళ్ల కిందటే శిథిలమైనదానికి విలువేముంటుంది? ఎదురుగా ఉన్న గోడౌన్ల వరస రిజిస్టర్లో మంచిది అని ఉండటాన, రోడ్డు అటు జరగకుండా ఇటు జరిగింది.

నోటీసు చదివి వినిపించింది కూడా జ్ఞానదాసే. వీధిలో అందరికన్నా బాగా చదవగలిగేది తనే కాబట్టి, గంగాలమ్మ అరుగు మీద నిలబడి గట్టిగా చదివాడు. 'శిథిల' అన్న మాటనూ అంత గట్టిగానే చదివాడు. ఆ మాట ఎవరు రాశారో వీధి మొత్తానికి తెలుసు. పదమూడేళ్లు దాన్ని పండగలా చెప్పుకున్నారు. ఆ సాయంత్రం గవర్రాజు అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, కూచోలేదు.

"ఏటి రైటరుగారూ, పదమూడేళ్లు మా సేపలు తిన్నారు. ముల్లు మాత్రం మాకే దాసిపెట్టారా?"

బావా అనే పిలుపు ఆరోజుతో పోయింది. ఆదివారం గుమ్మంలో ఆకు లేదు. గంగాలమ్మ గది ఖాళీ చెయ్యమనలేదు, ఒక మాట కూడా అనలేదు. టీ గ్లాసు మాత్రం రాలేదు. జ్ఞానదాసు పొద్దున్నే లేచి, వస్తుందేమోనని ఎనిమిదింటి దాకా కూచుని, తరవాత మెయిన్ రోడ్డు మీద హోటలుకు వెళ్లి తాగి వచ్చేవాడు. వారం పోయాక కూచోవడం మానేసి నేరుగా హోటలుకే వెళ్లాడు.

నోటీసుకు అభ్యంతరం చెప్పుకోవడానికి గడువుంది. తను రాసిన మాటను తనే చెరపాలనుకున్నాడు. గది తలుపు వేసుకుని మూడు రోజులు రాశాడు. సన్మాన పత్రాలు రాసిన చెయ్యి కదా, కలం పట్టుకోగానే పాత వాసనే వచ్చింది. 'సముద్రునికి అభిముఖముగా విరాజిల్లు ఈ సౌధరాజములు' అని మొదలైంది. పూర్వ వైభవమునకు ప్రతీకలు, శిల్పచాతుర్య నిలయములు, ఇలా తొమ్మిది పేజీలు. తన కింద పని నేర్చుకుని ఇప్పుడు సెక్షను పెద్దయిన శ్రీరామ్మూర్తికి తీసుకెళ్లి చూపించాడు.

శ్రీరామ్మూర్తి మర్యాద గలవాడు. తొమ్మిది పేజీలూ చదివాడు. చదివి, "గురువుగారూ, ఇందులో గోడ మందం ఎంతో లేదండి" అన్నాడు.

జ్ఞానదాసుకి కోపం వచ్చింది. ఇంటికొచ్చి మళ్లీ చదువుకున్నాడు. ఏ ఇంటికైనా అతుకుతాయి ఆ మాటలు. బొబ్బిలి కోటకూ అతుకుతాయి, గవర్రాజు అరుగుకూ అతుకుతాయి. పధ్నాలుగు ఇళ్లల్లో ఒక్క ఇల్లు కూడా అందులో కనబడలేదు. అప్పుడు శిథిలం అని ఇళ్లు చూడకుండా రాశాడు, ఇప్పుడు సౌధం అని కూడా చూడకుండానే రాశాడు.

మర్నాడు టేపు కొనుక్కొచ్చాడు. మగవాళ్లు చీకటితోనే ఫిషింగ్ హార్బరుకు వెళ్లిపోతారు కనక, తెల్లవారాక ఒక్కడూ వీధిలోకి దిగి ఇళ్లు కొలవడం మొదలుపెట్టాడు. టేపు రెండో కొస పట్టుకునేవాళ్లు లేరు. కొసను రాయి కింద పెట్టి, అటు నడిచి, చూసి, రాసుకుని, మళ్లీ ఇటు నడిచి రాయి తీసేవాడు. మామూలుగా అయితే లోపలికి పిలిచి పీట వేసే ఆడవాళ్లు తలుపులు దగ్గరగా వేసుకున్నారు. లోపలి సంగతులు జ్ఞాపకం మీద రాసుకున్నాడు. ఎవరి పెళ్లికి ఏ మండువాలో కూచున్నాడో, ఏ దూలం కింద నిలబడి ఎవరి శవానికి భుజం పట్టాడో, దాన్నిబట్టి గదులు గుర్తొచ్చాయి.

ఒక్కొక్క మాట దగ్గర ఆగవలసి వచ్చింది. పురాతనం అంటే గుడికి రాసే మాట, ఇంటికి నప్పదు. పాత అంటే ఇంకో పెద్దమనిషి కూల్చెయ్యమంటాడు. చివరికి రెండూ వదిలేసి, ఉన్నది ఉన్నట్టు రాశాడు. మూడో నంబరు: రాతి పునాది, గానుగ సున్నం, గోడ మందం మూరన్నర, మేకు కొడితే మేకే వంగుతుంది. ఏడో నంబరు: వసారాకు నాలుగు కమానులు. రెండో కమానుకు పగులు. అది జపానువాళ్లు బాంబులు వేసిననాటిది. ఇంటివాళ్లు అప్పుడే పగులు చివర పెన్సిలు గీత గీశారు, నేటికీ గీత దాటలేదు. పదకొండో నంబరు, అంటే గంగాలమ్మది: మిద్దె ఒక్క చోట కారుతుంది, వంటింటి మూల. మిగతా ఎక్కడా కారదు. రంగం టేకు దూలాలు ఇరవై రెండు, చెద లేదు. ఇలా పధ్నాలుగూ కలిపి నాలుగు పేజీలు వచ్చాయి. అతను జీవితంలో రాసినవాటన్నిటిలోకీ మంచిది ఇదే. పక్కన కూచోబెట్టుకుని చదివి వినిపించడానికి మాత్రం ఎవరూ లేరు.

నవంబరులో విచారణకు ఒక అధికారి వచ్చాడు. జ్ఞానదాసు రాసిన నాలుగు పేజీలూ చేత్తో పట్టుకునే వచ్చాడు, అవి చదివి సగం మెత్తబడినట్టు కూడా ఉన్నాడు. ఇక ఇంటివాళ్లు అవునంటే చాలు. ఆ రోజు రైటరు బయటికి రాకూడదని గవర్రాజు ముందే కబురు పెట్టాడు. జ్ఞానదాసు గదిలో కిటికీ పక్కన కూచుని విన్నాడు.

అధికారి అరుగు మీద కూచుని, ఇల్లు ఎలా ఉందమ్మా అని గంగాలమ్మను అడిగాడు.

"ఏటి బాగు బాబూ. నానూ ఇల్లూ ఇద్దరం గాలికి నిలబడ్డాం. ఎప్పుడు కూలతాదో ఆ తల్లికే తెలియాల."

జ్ఞానదాసు కిటికీ ఊచ పట్టుకున్నాడు. ఆవిడ అబద్ధమాడటం లేదు, అలవాటుగా మాట్లాడుతోంది. ఆ వీధిలో ఎవరూ తమ ఇల్లు బాగుందని నోటితో అనరు. పన్ను వాళ్ల ముందు అసలే అనరు. అంటే దిష్టి. కొత్తగా సున్నం వేయించినా, కొంపకి ఏదో పూత పూశాం అంటారు. బిడ్డ బొద్దుగా ఉంటే, ఏటో ఈసురోమంటన్నాడు అంటారు. ఎవరైనా పొరపాటున మెచ్చుకుంటే థూ థూ అని పక్కకు ఊస్తారు. తలుపు తోసుకుని వెళ్లి ఆవిడ నోరు మూయాలనిపించింది. వెళ్లినా ఎవరు వింటారు? అధికారి ఒక్కొక్క ఇంటికే వెళుతున్నాడు, ప్రతి అరుగు నుంచీ అదే మాట. ఈ పూట ఉందంటే ఉందండి. వానొస్తే నిద్దరుండదండి. వేలంలో నోరు చేసుకునే గవర్రాజు కూడా ఆఫీసరు కుర్చీ చూసేసరికి, కొంపేటండీ, గూడు అన్నాడు. పధ్నాలుగు ఇళ్లలో పదకొండు ఇళ్లవాళ్లు అలాగే చెప్పారు. అధికారి మంచివాడే. చెప్పింది చెప్పినట్టు రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్రలు వేయించుకుని వెళ్లాడు.

అభ్యంతరం కొట్టేశారు. మిగిలింది హైదరాబాదులో అప్పీలు. దానికి పూనుకున్నది జ్ఞానదాసు ఒక్కడే, గవర్రాజు కాదు, వీధివాళ్లలో ఎవరూ కారు. వాళ్లు ఆశ వదులుకుని, ఆనందపురం వైపు జాగాలు ఎంతకొస్తాయో కనుక్కుంటున్నారు. అప్పీలు కాగితం మీద వాళ్ల సంతకాలు మాత్రం శ్రీరామ్మూర్తి తెచ్చిపెట్టాడు. ఎవరు రాశారని వాళ్లు అడగలేదు, అతను చెప్పలేదు.

అప్పీలు నిలవాలంటే దారి ఒక్కటే. ఒక పక్క 1972 రిజిస్టరు, ఒక పక్క ఇంటివాళ్ల వేలిముద్రలు. రెండూ శిథిలం అంటుంటే పింఛనుదారుడి నాలుగు పేజీలు ఎవరు నమ్ముతారు? రిజిస్టర్లో మాట తప్పని, రాసిన మనిషే వచ్చి ప్రమాణం చేసి చెప్పాలి. శ్రీరామ్మూర్తి ఆ సంగతి చెప్పి, గొంతు తగ్గించి ఇంకోటి చెప్పాడు.

"పొరపాటున రాశానని రాయండి గురువుగారూ. పొరపాటుకు శిక్ష లేదు. తెలిసి రాశానంటే పింఛను ఆపేస్తారు. కేసు కూడా పెట్టొచ్చు."

జ్ఞానదాసు ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాడు. 'పొరపాటున' అని రాసి చూసుకున్నాడు. చక్కని మాటే. బల్ల మీద ఎదురుగా పెట్టుకుని, హైదరాబాదు అధికారిలా తనను తాను ప్రశ్నించుకున్నాడు. ఒక ఇంటి దగ్గర పొరపడ్డావంటే సరే, వరసగా పధ్నాలుగు ఇళ్ల దగ్గర పొరపడ్డావా? ఆరువేల మూడువందల పన్నెండు తలుపులకు ఒక్క నంబరు తప్పకుండా వేసినవాడివి నువ్వే కదా? చూపు ఆనని మనిషి అప్పుడు తప్పు చూశాడంటే, ఇప్పుడు రాసిన నాలుగు పేజీలు మాత్రం సరిగ్గా చూసి రాశాడని ఎలా నమ్మాలి? పొరపాటు అన్న మాట పింఛనును కాపాడుతుంది గాని, ఇళ్లకు ఆసరా కాదు.

పది రోజులు ఆ కాగితం అలాగే ఉంది. ఎవరైనా వచ్చి, వద్దు దాసూ, నీ ముసలితనం చూసుకో అంటే ఆగిపోయేవాడేమో. వెళ్లు దాసూ, మా గూళ్లు నిలబెట్టు అంటే ఆ క్షణమే సంతకం పెట్టేవాడు. రెండింట్లో ఏదీ ఎవరూ అనలేదు. ఆ సంగతే వీధిలో ఎవరికీ తెలియదు. క్రిస్మసుకు చర్చిలో అతని పక్క బెంచీ మీద కొత్తగా ఉక్కు ఫ్యాక్టరీకి వచ్చిన కుటుంబం కూచుంది. వాళ్లు హ్యాపీ క్రిస్మస్ అంకుల్ అంటే, ఇంటికి వచ్చేదాకా ఆ మాటను తనలో తనే రెండు మూడుసార్లు అనుకున్నాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం కలం తీసి రాశాడు. 'ఈ పధ్నాలుగు ఇళ్లు గట్టిగా ఉన్నవని తెలిసి, శిథిలం అని నేనే రాశాను, ఇనస్పెక్టరుగారిని వెనక సందులోంచి తీసుకువెళ్లి నమ్మించాను. ఆయన తప్పు లేదు. ఇంటివాళ్లది పేదరికం తప్ప తప్పు లేదు.' దాని కింద ఇంకో పేరా. 'ఈ వీధిలో ఎవరూ తమ ఇల్లు బాగుందని చెప్పరు. అది దిష్టి అని వారి నమ్మకం. నవంబరు విచారణలో వారు చెప్పినది మర్యాదగా చెప్పిన మాటగా తీసుకోవలెను, ఇంటి స్థితిగా తీసుకోకూడదు.' ఒక్క అలంకారం లేకుండా కాగితం రాయడం అతనికి రెండోసారి. సంతకం కింద తేదీ వేసి, మడిచి, బైబిలులో పెట్టాడు.

అప్పీలు విచారణ ఫిబ్రవరి పద్ధెనిమిది మంగళవారం అని కబురొచ్చింది. రైటరు స్వయంగా రావాలి. శ్రీరామ్మూర్తి రిజర్వేషను చేయించి పెట్టాడు. స్టేషనుకు తోడు వస్తానన్నాడు గాని, ఆఫీసువాళ్లు చూస్తే నీ ఉద్యోగానికి మంచిది కాదని జ్ఞానదాసే వద్దన్నాడు.

సోమవారం సాయంత్రం తెల్ల పంచె, రిటైరైననాటి కోటు వేసుకున్నాడు. చేతిసంచిలో ఒక జత బట్టలు, బైబిలు, రొట్టె. గదికి తాళం వేసి ఒకసారి లాగి చూశాడు. అరుగు మీద గంగాలమ్మ చింతపండులో పిక్కలు తీస్తోంది. పక్కింటి అరుగు మీద గవర్రాజు చుట్ట వెలిగించుకుంటున్నాడు, చూసీ చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. జ్ఞానదాసు మెట్లు దిగాడు. ఆరు నెలలుగా అలవాటైన దారే కాబట్టి తల దించుకునే నడిచాడు.

వీధి మలుపు దాకా వెళ్లాడు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు. గంగాలమ్మ అలా అడగలేదు. పిక్కలు తీసే చెయ్యి ఆపకుండా, తలెత్తకుండా, వెనక నుంచి అంది.

"దాసూ. ఎప్పుడొత్తావు?"

జ్ఞానదాసు ఆగాడు. వెనక్కి తిరిగితే శకునం చెడుతుందని ఆవిడ నమ్మకం కాబట్టి తిరగలేదు. రేవు వైపు చూస్తూనే, వీధి చివరి దాకా వినబడేట్టు చెప్పాడు.

"బుధవారం పొద్దున్న గోదావరి బండికి, అమ్మా. ఫిబ్రవరి పంతొమ్మిది."